కార్యశాల ముగిసిన మరునాడు: సంస్థాగత మార్పుకు పశ్చిమ ప్రకాశం చెప్పే పాఠం

వ్యవసాయ విస్తరణ రంగంలో “సంస్థాగత మార్పుకు నాయకత్వం” అనే అంశంపై శిక్షణలు ఇప్పుడు కొత్తవి కావు. రెండు మూడు రోజులు సాగే ఇటువంటి శిక్షణలలో మార్పు సిద్ధాంతాలు, దశలు, రేఖాచిత్రాలు తెరపై వరుసగా కనిపిస్తాయి. బృంద చర్చలు జరుగుతాయి. చివరి రోజున ధ్రువపత్రాలు అందుతాయి. అయితే మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వంటి చోట్ల నుండి వచ్చిన అధికారి తిరిగి తన కార్యాలయానికి చేరిన మరునాడు ఏ పని మానుకున్నారు, ఏ పనిని కొత్తగా చేపట్టారు అన్న ప్రశ్నకు సాధారణంగా జవాబు దొరకదు. ఆ ప్రశ్నను అడిగేవారు కూడా అరుదే.

కార్యశాల విలువను అందులోని చర్చల ఉత్సాహంతో కొలవడం సరికాదు. అది ముగిసిన తరువాత ఒక కొలత, ఒక నిర్ణయం, ఒక బాధ్యత స్పష్టంగా ఎవరి చేతికి చేరాయో చూసి కొలవాలి. ఈ మాటకు ఆధారం వెదకడానికి విదేశీ సంస్థల అనుభవాల వరకు వెళ్ళనక్కరలేదు. ప్రకాశం జిల్లాతో సహా నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెట్ట ప్రాంతాలలో జరిగిన ఒక ప్రయత్నంలోనే దాని బలమూ, దాని పరిమితీ రెండూ కనిపిస్తాయి.

నేల, నీరు, నిర్ణయం

1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి వచ్చి చేరాయి. పరిపాలన ఒంగోలుకు మారినా, ఇక్కడి వ్యవసాయ స్వభావం మాత్రం కోస్తా కంటే రాయలసీమ మెట్టకే దగ్గరగా నిలిచింది. మార్కాపురం పలకలకు పేరు తెచ్చిన రాతి పొరలే ఇక్కడి భూగర్భ జలానికి హద్దు గీస్తాయి. నీరు రాతి పగుళ్ళలోనే నిలుస్తుంది. ఒక బోరులో నీరు పడినచోట, నాలుగు అడుగుల దూరంలో వేసిన మరొక బోరు ఎండిపోవచ్చు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మపై విజయనగర కాలంలో నిర్మించిన కంభం చెరువు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంస్థ వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. కాని ఆ చెరువు ఆయకట్టుకు వెలుపల ఉన్న కంది, పత్తి, మిరప, ఆముదం, సజ్జ, బత్తాయి రైతుకు ఆధారం వాన, ఆ తరువాత బోరు మాత్రమే.

1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం ఈ ప్రాంతం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నది. ఆ నీరు పొలాలకు చేరేవరకు బోరు నీటితో ఏ పంట, ఎన్ని ఎకరాలు అన్నది ప్రతి రబీ ముందు వచ్చే ప్రశ్న. కాలువ నీరు వచ్చిన తరువాత ఆ ప్రశ్న మారుతుంది గాని తొలగిపోదు. తొలి తడి అందగానే వరి వైపు మొగ్గే ఆయకట్టులో చివరి భూములకు నీరు చేరకపోవడం ఎన్నో ప్రాజెక్టుల కింద చూసినదే. కనుక ఇక్కడి విస్తరణ యంత్రాంగం నీటి లెక్కను రైతుతో కలిసి వేయగల సామర్థ్యాన్ని ఇప్పుడే సంపాదించుకోవాలి. ఈ ప్రాంతంలో సంస్థాగత మార్పు అన్న మాటకు ఉన్న ఆచరణాత్మక అర్థం అదే. అది జరగకపోతే నష్టం కార్యాలయానికి కాదు. అప్పు తెచ్చి మూడవ బోరు వేయబోతున్న కుటుంబానికి.

పేర్లు మారిన నిర్మాణాలు

విస్తరణ వ్యవస్థలో మార్పులు తక్కువేమీ జరగలేదు. శిక్షణ–సందర్శన పద్ధతి పక్షం రోజుల క్రమశిక్షణను తెచ్చింది. 1998లో మొదలైన జాతీయ వ్యవసాయ సాంకేతిక ప్రాజెక్టు కింద వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ, అనగా ఆత్మ, దేశంలో 7 రాష్ట్రాలలోని 28 జిల్లాలలో ప్రయోగాత్మకంగా ఏర్పడింది. నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ప్రయోగానికి ఎంపికైన జిల్లాలలో ప్రకాశం ఒకటి. శాఖలన్నీ ఒకేచోట కూర్చుని, రైతుల భాగస్వామ్యంతో జిల్లా స్థాయిలోనే పరిశోధన, విస్తరణ ప్రణాళికను రూపొందించాలన్నది దాని ఆశయం. తరువాత పొలంబడులు వచ్చాయి. 2020 మే 30న రాష్ట్రంలో 10,641 రైతు భరోసా కేంద్రాలు ప్రారంభమయ్యాయి. 2024లో అవి రైతు సేవా కేంద్రాలయ్యాయి. గ్రామ స్థాయిలో శిక్షణ పొందిన వ్యవసాయ, ఉద్యాన సహాయకులు ఉండటం ఈ వ్యవస్థకు దక్కిన పెద్ద బలం.

ఈ మార్పులలో ప్రతి ఒక్కటీ సదుద్దేశంతో వచ్చినదే. అయితే దాదాపు అన్నీ ఉత్తర్వు రూపంలో పైనుండి దిగివచ్చాయి. కొత్త పని చేరినప్పుడు పాత పనులలో దేనిని వదలాలో క్షేత్రస్థాయి సిబ్బందిని ఎవరూ అడగలేదు. ఫలితంగా పనులు ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. గ్రామ సహాయకుని రోజులో పంట నమోదు, ఎరువుల పంపిణీ, పథకాల అర్హుల పరిశీలన, నివేదికలు ముందు వరుసలో నిలిచి, రైతుతో కూర్చుని రబీ ప్రణాళిక వేయడం మిగిలిన సమయానికి నెట్టబడింది. సిబ్బందిలో నిబద్ధత లోపించిందని దీనికి అర్థం తీయడం అన్యాయం. పనుల మధ్య ఎంపిక చేసుకునే అవకాశం వారికి లేకపోవడమే కారణం.

ఉపన్యాసం, చర్చ, నిర్ణయం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో మాంసం కొరత ఏర్పడినప్పుడు, సాధారణంగా వండని గుండె, మూత్రపిండాల వంటి భాగాలను గృహిణులు వంటలో వాడేలా చేయడానికి సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ ఒక ప్రయోగం నిర్వహించాడు. కొన్ని బృందాలకు పోషక విలువలపై చక్కని ఉపన్యాసం ఇచ్చారు. మరికొన్ని బృందాలు తమ ఇబ్బందులను తామే చర్చించుకుని, చివరలో ఎవరు ప్రయత్నిస్తారో చేయెత్తి చెప్పాయి. తరువాత విచారించినప్పుడు ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం, చర్చించి నిర్ణయించుకున్నవారిలో 32 శాతం మంది ఆ భాగాలను వండినట్లు తేలింది.

విస్తరణ విద్యార్థులందరూ ఈ ప్రయోగాన్ని చదువుతారు. అయితే అందులోని రెండవ భాగాన్ని తరచుగా మరచిపోతారు. ఆ గృహిణులు కేవలం చర్చించి ఊరుకోలేదు. తమ వంటింట్లో, తమ అధికారంలో ఉన్న ఒక విషయంపై, తోటివారి ఎదుట, నిర్ణయం తీసుకున్నారు. తరువాత ఆ సంగతి విచారణకు వస్తుందని కూడా వారికి తెలుసు. కార్యశాలలో ఆటలు, రంగు కాగితాలు, బృంద ప్రదర్శనలు ఎన్ని ఉన్నా, పాల్గొన్నవారి చేతిలో ఉన్న ఒక నిజమైన నిర్ణయం అక్కడ బల్లపైకి రాకపోతే అది వేషం మార్చుకున్న ఉపన్యాసమే.

రైతులే కొలిచిన నీరు

నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో 1995 నుండి 2003 వరకు నడిచిన ఏపీవెల్ ప్రాజెక్టు ఉమ్మడి బోర్లను వేసింది. దాని తరువాత వచ్చిన రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టు వేరొక దారి పట్టింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ అనే 7 కరువు జిల్లాలలో 638 గ్రామాల పరిధిలో ఇది నడిచింది. ఇందులో బోరుకు, మోటారుకు రాయితీ లేదు. ఫలానా పంట వేయరాదనే నిషేధం లేదు.

పని విధానం సరళమైనది. వాగు పరీవాహకమే ప్రణాళికకు హద్దు. రైతులే వర్షమాపకంలో వాన కొలిచారు. పరిశీలన బావులలో పక్షానికి ఒకసారి నీటి మట్టం కొలిచి గ్రామంలోని బోర్డుపై రాశారు. జల సంవత్సరం పొడవునా రైతు జల పాఠశాలలు జరిగాయి. రబీకి ముందు పరీవాహకంలోని రైతులు, స్త్రీలు పురుషులు కలిసి, పంట–నీటి బడ్జెట్ సమావేశంలో కూర్చున్నారు. అందుబాటులో ఉన్న నీరు ఒకవైపు, వేయదలచిన పంటలకు కావలసిన నీరు మరొకవైపు. లోటు ఎంతో అందరి ఎదుటా తేలేది. ఏ రైతు ఏ పంట వేయాలో సమావేశం ఆదేశించలేదు. ఆ లెక్క చూసిన రైతు ఇంటికి వెళ్ళి తన నష్టభయాన్ని తానే అంచనా వేసుకున్నాడు.

భారతదేశంలో భూగర్భ జలాల అతి వినియోగంపై ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన అధ్యయనం ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా పరిశీలించి, అనేక పరీవాహకాలలో నీటి తోడకం తగ్గిందని గుర్తించింది. రైతులు పరోపకార బుద్ధితో త్యాగం చేయడం వలన గాక, సమాచారం చేతిలో ఉండి తమ లాభనష్టాలను మెరుగ్గా బేరీజు వేసుకోవడం వలన ఈ మార్పు వచ్చిందన్నది ఆ అధ్యయనంలోని ముఖ్యమైన మాట. నీరు, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం 2002 నుండి అమలులో ఉంది. బోర్ల నియంత్రణకు ఆ చట్టం అవసరమే. కాని తెల్లవారి మోటారు వేసే చేతిని గ్రామ బోర్డుపై ఉన్న అంకె ఎక్కువగా ప్రభావితం చేసిందనడంలో సందేహం లేదు.

ఈ కథకు రెండవ సగం కూడా ఉంది. ప్రాజెక్టు ముగిసి, సిబ్బంది వెళ్ళిపోయిన తరువాత కొలతల సేకరణ, బడ్జెట్ సమావేశాలు చాలాచోట్ల సన్నగిల్లాయి. రైతులు నేర్చినది మరచిపోవడం దీనికి కారణం కాదు. కొలత పుస్తకాన్ని అడిగి చూసే శాశ్వత కార్యాలయం లేకపోవడమే కారణం. గ్రామంలో మార్పు వచ్చింది. ఆ మార్పును అందుకోవలసిన శాఖల దినచర్యలో మార్పు రాలేదు. వర్షమాపకం విరిగితే ఎవరు మార్చాలి, బోర్డుపై అంకె మారకపోతే ఎవరు అడగాలి, నవంబరు సమావేశానికి ఎవరు పిలవాలి అన్నవి ఏ ఉద్యోగి పనుల జాబితాలోనూ చేరలేదు. సంస్థాగత మార్పుపై కార్యశాల నిర్వహించదలచినవారు మొదట అధ్యయనం చేయవలసినది ఈ రెండవ సగాన్నే.

కార్యశాల ఎలా ఉండాలి

ఈ అనుభవం ఆధారంగా మార్కాపురం లేదా గిద్దలూరు ప్రాంతానికి రెండు రోజుల కార్యశాలను ఈ విధంగా రూపొందించవచ్చు. పాల్గొనేవారు 25 నుండి 30 మందికి మించరాదు. సహాయ వ్యవసాయ సంచాలకులు, మండల వ్యవసాయ అధికారులు, ఉద్యాన, భూగర్భ జల శాఖల సిబ్బంది, గ్రామ సహాయకులు, ఏరువాక కేంద్రం లేదా కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు ఉండాలి. మహిళా రైతులు, కౌలు రైతులతో సహా 6 నుండి 8 మంది రైతులు మొదటి రోజు మధ్యాహ్నం నుండి చేరాలి. అధికారి ప్రారంభోత్సవానికి వచ్చి దీపం వెలిగించి వెళ్ళిపోయే కార్యశాలను నిర్వహించకపోవడమే మేలు. నిర్ణయాధికారం ఉన్న వ్యక్తి రెండు రోజులూ ఉండాలి.

ప్రతి ఉద్యోగి గత 15 రోజుల దినచర్యను రాసుకుని రావాలి. ప్రతి మండలం నుండి ఒక గ్రామం గత రబీ పంటల విస్తీర్ణం, 3 బావుల లేదా బోర్ల నీటి మట్టాలు తేవాలి. ఈ సమాచారం దొరకకపోతే అదే మొదటి చర్చనీయాంశం.

మొదటి రోజు ఉదయం సిబ్బంది మాత్రమే ఉంటారు. ఒక్కొక్కరికి 20 చింతపిక్కలు ఇచ్చి, నేలపై గీసిన గళ్ళలో తమ సమయాన్ని పంచమనాలి: నమోదు, నివేదికలు, పంపిణీ, సమావేశాలు, పొలం సందర్శన, రైతులతో చర్చ. గ్రామ సహాయకులు ముందు, పై అధికారులు చివర పెట్టాలి. లేకపోతే అధికారి పెట్టిన గడినే అందరూ అనుసరిస్తారు. ఏ గడి నిండింది, ఏ గడి ఖాళీగా ఉంది అన్నది కళ్ళ ఎదుట ఉన్నప్పుడు నిందలకు తావు తగ్గి, చర్చ పని మీదికి వస్తుంది.

మధ్యాహ్నం రైతులతో కలిసి నీటి లెక్క వేయాలి. ఉదాహరణకు 2,000 హెక్టార్ల పరీవాహకంలో 600 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే మొత్తం 1 కోటి 20 లక్షల ఘనపు మీటర్ల నీరు. అందులో 10 శాతం భూమిలోకి ఇంకిందనుకుంటే 12 లక్షలు. తాగునీటికి, పశువులకు 2 లక్షలు, ఖరీఫ్‌లో తోడినది 4 లక్షలు తీసివేస్తే రబీకి మిగిలినది 6 లక్షల ఘనపు మీటర్లు. హెక్టారుకు 12,000 చొప్పున 40 హెక్టార్ల వరికి 4.8 లక్షలు, 6,000 చొప్పున 60 హెక్టార్ల మిరపకు 3.6 లక్షలు, 4,000 చొప్పున 50 హెక్టార్ల ఇతర ఆరుతడి పంటలకు 2 లక్షలు కావాలి. మొత్తం 10.4 లక్షలు, లోటు 4.4 లక్షలు. ఈ అంకెలు అభ్యాసానికి మాత్రమే. తమ గ్రామ అంకెలతో ఇదే లెక్క వేసినప్పుడు శాస్త్రవేత్త సిఫారసు చేయనవసరం ఉండదు; గదిలో ఉన్నవారే వరిని తగ్గించే మాట ఎత్తుతారు. ఎత్తకపోతే ఎందుకు ఎత్తలేదో తెలుసుకోవడమూ పాఠమే. పశుగ్రాసం కోసమో, ఇంటి బియ్యం కోసమో రైతు వరిని వదలలేకపోవచ్చు. ఆ కారణాన్ని విన్న తరువాతే ప్రత్యామ్నాయం సూచించాలి.

రెండవ రోజు ఉదయం, ఈ లెక్క ప్రతి రబీకి ముందు ప్రతి గ్రామంలో జరగాలంటే అనుకూలించే శక్తులేవి, అడ్డుపడేవి ఏవి అన్నది చీటీలపై పేర్లు లేకుండా రాయించాలి. మధ్యాహ్నం మూడు జాబితాలు సిద్ధం కావాలి: మానవలసినవి, మార్చవలసినవి, మొదలుపెట్టవలసినవి. మొదటి జాబితా ఖాళీగా ఉంటే మిగిలిన రెండూ కాగితంపైనే ఉంటాయి. ఒకే సమాచారాన్ని రెండు నమూనాలలో పంపడం, ఒకే వారంలో మూడు సమీక్షలు వంటివాటిలో అధికారి తన స్థాయిలో రద్దు చేయగలవాటిని అక్కడికక్కడే ప్రకటించాలి. పై స్థాయి అనుమతి కావలసినవాటికి ఎవరు, ఏ తేదీలోగా రాస్తారో నమోదు కావాలి. చివరగా వర్షమాపకం, బావి కొలత, గ్రామ బోర్డు, రబీ సమావేశం అనే నాలుగు పనులకు ఎదురుగా నాలుగు హోదాలు ఉండాలి. వ్యక్తి పేరు బదిలీతో పోతుంది. హోదా కార్యాలయంలో నిలుస్తుంది.

15 రోజులకు ఒకసారి, 90 రోజులకు మరొకసారి, రబీ సమావేశాలు ముగిసిన తరువాత చివరిసారి అదే బృందం సగం రోజు కలవాలి. ఈ మూడు కలయికలు లేని కార్యశాలకు నిధులు కేటాయించరాదు.

కొన్ని అభ్యంతరాలు

లక్ష్యాలు, ఉత్తర్వులు పైనుండి వస్తున్నప్పుడు మండల స్థాయిలో మార్పు ఎలా సాధ్యమన్నది మొదటి అభ్యంతరం. ఇది బలమైనదే. పంట నమోదు ఆగితే రైతుకు బీమా, పరిహారం అందవు. దానిని మానమనడం బాధ్యతారాహిత్యం. అయితే అదే నమోదుకు పొలానికి వెళ్ళినప్పుడు బోరు నీటి స్థితిని కూడా అడిగి రాయవచ్చు. అన్నీ మన చేతిలో లేవన్నది నిజం. ఏదీ మన చేతిలో లేదన్నది నిజం కాదు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉందో కలిసి కనుగొనడమే కార్యశాల పని.

నీటి లెక్క భూగర్భ జల శాఖ బాధ్యత కదా అన్నది రెండవది. సాంకేతిక బాధ్యత వారిదే. కాని రైతు రబీ నిర్ణయం శాఖల వారీగా విడిపోయి ఉండదు. విత్తనం కొనే రోజున నీరు, ధర, అప్పు, కూలి అన్నీ ఒకే తలలో కలుస్తాయి. ఆ ఇంటికి ఎక్కువసార్లు వెళ్ళేది గ్రామ సహాయకుడే.

పై అధికారి ఎదుట కింది ఉద్యోగి మనసు విప్పడన్నది మూడవది. అందుకే చింతపిక్కలు, పేరు లేని చీటీలు, రైతులు రాకముందు ఒక పూట. ఇవి కాలక్షేపం కోసం పెట్టిన ఆటలు కావు. మాట్లాడలేని వారికి దక్కిన మాట.

విశ్వవిద్యాలయం వంతు

జోనల్ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలు ఖరీఫ్, రబీలకు ముందు జరుగుతాయి. వాటిలో రకాలు, ఎరువుల మోతాదులు, తెగుళ్ళ యాజమాన్యం చర్చకు వచ్చినంతగా, ఆ సిఫారసులను రైతు వద్దకు చేర్చే కార్యాలయం ఎలా పనిచేస్తున్నదన్నది రాదు. దానికి ఒక పూట కేటాయించడం కష్టం కాదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో ఉండే విద్యార్థులు గ్రామ సహాయకునితో కలిసి బావుల కొలతలు ప్రారంభించి, తరువాతి బృందానికి ఆ పుస్తకాన్ని అప్పగించవచ్చు. విస్తరణ విద్య పరిశోధకులు శిక్షణకు ముందు, తరువాత జ్ఞాన పరీక్ష నిర్వహించి మార్కుల తేడాను నివేదించడంతో ఆగిపోరాదు. ఆరు నెలల తరువాత ఎన్ని కొలత పుస్తకాలు నడుస్తున్నాయి, మానవలసిన పనులలో ఎన్ని నిజంగా ఆగాయి, రబీ విస్తీర్ణంలో ఏమి మారింది అన్నవి పరిశోధన ప్రశ్నలు కావాలి. విఫలమైన గ్రామాలను కూడా అంతే శ్రద్ధతో నమోదు చేయాలి.

ఈ ప్రాంత రైతులు నీటిని కొలవగలరని, లెక్క వేయగలరని, లెక్క చూసి నిర్ణయం మార్చుకోగలరని ఇప్పటికే రుజువైంది. ఇంకా రుజువు కావలసినది, వారితో పాటు తన దినచర్యను మార్చుకోగల కార్యాలయం ఉన్నదని. రాబోయే రబీకి ముందు ఒక్క మండలంలోనైనా ఈ విధంగా కార్యశాల నిర్వహించి, దాని ఫలితాన్ని, అది ఎటువంటిదైనా, తోటి శాస్త్రవేత్తల ముందు ఉంచడం సాధ్యమే. అందుకు కొత్త పథకం అక్కరలేదు. ఒక వర్షమాపకం, ఒక కొలత పుస్తకం, దానిని నెలకు ఒకసారి తెరిచి చూసే అధికారి చాలు.